తొలి చిగురా, కోలుకుంటున్న పిల్లా?

“నా కష్టాలన్నీ బాగానే రాశావమ్మా. నా కథల్లో వాక్యం ఎట్లా ఉంటుందో ఒక్క ముక్క కూడా రాయలేదేం?”

పదిహేనేళ్ల కిందట ఒక పెద్దావిడ నన్నడిగిన ప్రశ్న ఇది. ఆవిడ కథల సంపుటికి నేను ముందుమాట రాశాను. పదకొండో ఏట పెళ్లి, పదహారో ఏట మొదటి కాన్పు, అత్తగారింట్లో దొంగచాటు చదువు, ఇంటిల్లిపాదీ పడుకున్నాక వంటింటి గడప దగ్గర కూర్చుని రాసిన కథలు, ఇవన్నీ రాశాను. రాస్తూ కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాను. స్త్రీవాద విమర్శ అంటే ఇదే అనుకున్నాను. ఆవిడ మొత్తం చదివి, కళ్లజోడు తీసి పక్కన పెట్టి, నవ్వుతూనే ఆ మాట అన్నారు. నాకు జవాబు తోచలేదు. పుస్తకం అచ్చయింది. ముందుమాట చాలామందికి నచ్చింది. ఆవిడ మళ్లీ ఆ ప్రస్తావన తేలేదు. ఇప్పుడు ఆవిడ లేరు.

ఆ ప్రశ్న నాకు సరిగ్గా అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. అర్థమైంది కూడా తెలుగు పుస్తకం ముందు కాదు, ఎక్కడో ఉత్తరాన ఫిన్లాండ్‌లో ఒక బొమ్మ ముందు.

2018 వేసవిలో మా అమ్మాయి దగ్గర రెండు నెలలున్నాను. తనూ అల్లుడూ హెల్సింకీ పక్కన ఎస్పోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసేవాళ్లు. వాళ్లు ఆఫీసులకి వెళ్లాక నేను రైలెక్కి హెల్సింకీ వెళ్లేదాన్ని. స్టేషన్‌కి దగ్గర్లోనే పెద్ద చౌకు పక్కన అతెనియం ఉంది. ఆ దేశపు ముఖ్యమైన చిత్రాలన్నీ ఉన్న మ్యూజియం అది.

1887లో పూర్తయిన భవనం. లోపలికి వెళ్లేముందు తలెత్తి చూశాను. ముఖద్వారం పైన మూడు అర్ధవిగ్రహాలున్నాయి. భవన నిర్మాణానికి బ్రమాంతె, చిత్రకళకి రఫాయెల్, శిల్పానికి ఫిదియాస్. ముగ్గురూ మగవాళ్లే, ముగ్గురికీ పేర్లున్నాయి. వాళ్లకి పై అంతస్తులో నలుగురు స్త్రీమూర్తులు భవనం నుదుటిభాగాన్ని తలలమీద మోస్తూ నిలబడి ఉన్నారు. వాళ్లకి సొంత పేర్లు లేవు. వాస్తు, చిత్రం, శిల్పం, సంగీతం అనే కళలకి వాళ్లు ప్రతీకలట. కళకి ప్రతీక స్త్రీ. కళాకారుడు మాత్రం పురుషుడు. ఒకరిని చదువుల తల్లిగా పీటమీద కూర్చోబెట్టి మిగతా ఆడవాళ్లని చదువుకి దూరంగా పెట్టిన మనకి ఈ ఏర్పాటు కొత్తేమీ కాదు.

ఫిన్లాండ్ చిత్రకళ చరిత్రని ఎలా చెబుతారో ముందు కొంచెం తెలియాలి. ఆ దేశం శతాబ్దాలపాటు స్వీడన్ పాలనలో ఉంది. 1809 నుంచి 1917 దాకా రష్యా చక్రవర్తి కింద ఉంది. తమకంటూ ఒక భాష, ఒక గతం ఉన్నాయని నిరూపించుకోవలసిన అవసరం పంతొమ్మిదో శతాబ్దం చివరికి గట్టిగా ముందుకొచ్చింది. ఎలియాస్ లోన్‌రోట్ జానపద గేయాలు సేకరించి కూర్చిన ‘కలేవల’ (1835, విస్తృతరూపం 1849) దానికి ఆధారమైంది. 1880ల నుంచి 1910 దాకా నడిచిన కాలాన్ని వాళ్లు చిత్రకళకి స్వర్ణయుగం అంటారు. పాశ్చర్ రూపచిత్రం (1885) గీసిన అల్బర్ట్ ఎడెల్‌ఫెల్ట్, కలేవల గాథల్ని గోడలకెక్కించిన అక్సెలి గాల్లెన్ కల్లెల, పల్లె బతుకులు గీసిన ఏరో యార్నెఫెల్ట్, పెక్కా హాలొనెన్ ఆ యుగానికి నాయకులు. 1900 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఫిన్లాండ్‌కి విడిగా ఒక మంటపం దక్కింది. దాని కప్పుమీద కలేవల చిత్రాలు గీసింది గాల్లెన్ కల్లెలే. రాజ్యం లేని జాతి బొమ్మల్లో తన రాజ్యం కట్టుకుంది. దాన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. వలసపాలన అనుభవించిన మనకి ఆ తపన అర్థమవుతుంది.

అయితే ఆ రాజ్యంలో ఎవరెవరికి ఎలాంటి చోటు దొరికిందో అక్కడే చూశాను. గాల్లెన్ కల్లెల 1891లో పూర్తిచేసిన ‘ఐనో’ మూడు పలకల చిత్రం ముందు ఎప్పుడూ జనం ఉంటారు. కలేవలలో ఐనో చిన్నపిల్ల. ఆమె అన్న పాటల పోటీలో ఓడిపోయి, ప్రాణం కాపాడుకోవడానికి చెల్లెల్ని వైనామోయినెన్ అనే ముసలివాడికిస్తానని మాటిస్తాడు. తల్లి సంతోషిస్తుంది. ఐనో నీళ్లల్లో కలిసిపోతుంది. తర్వాత చేపై ముసలివాడి గాలానికి చిక్కి, చేతుల్లోంచి జారిపోతుంది. మధ్య పలకలో పడవలోంచి ఒంగి పట్టుకోబోతున్న ముసలివాడు, నీళ్లలోకి దూకుతున్న నగ్నబాలిక. ఆ కథ నాకెవరూ విడమర్చి చెప్పక్కర్లేకపోయింది. గురజాడ పూర్ణమ్మ చెరువు నాకు చిన్నప్పట్నించీ తెలుసు. కానీ గురజాడ ఆ చావుని సమాజం ముందు నేరంగా నిలబెట్టాడు. ఇక్కడ ఐనో చావు చెక్కిన చట్రంలో జాతికి నగ అయింది. చిత్రం అందంగా ఉంది. ఆ అందమే నన్ను ఇబ్బంది పెట్టింది.

దానికి దూరంగా ఇంకో గదిలో, ఇంత పెద్దది కాని ఒక చిత్రం ఉంది. పేము కుర్చీలో తెల్లటి దుప్పటి చుట్టుకుని కూర్చున్న చిన్నపిల్ల. చెదిరిన జుట్టు, కందిన బుగ్గలు. ముందున్న బల్లమీద ఒక కప్పులో అప్పుడే చిగురేసిన కొమ్మ. పిల్ల దాన్ని చేత్తో పట్టుకుని, లోకంలో ఇంకేమీ లేనట్టు దానికేసే చూస్తోంది. పక్కన ‘కోలుకుంటున్న పిల్ల, 1888’ అని రాసి ఉంది. గీసింది హెలెన షెర్ఫ్‌బెక్.

ఫిన్లాండ్‌లో చదువుకున్నవాళ్లందరికీ తెలిసిన చిత్రం ఇది. ఇంగ్లండ్ నైరుతి మూలన సెయింట్ ఐవ్స్ అనే ఊళ్లో గీసింది. 1889 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో కంచు పతకం తెచ్చుకుంది. దీన్ని గురించి ఎక్కడ చదివినా ఒకటే కథ. హెలెన నాలుగేళ్ల వయసులో మెట్లమీంచి పడి తుంటి దెబ్బతిని జీవితాంతం కుంటుతూ నడిచింది. పదమూడో ఏట తండ్రి క్షయతో పోయాడు. ఒక ఆంగ్ల చిత్రకారుడితో జరిగిన నిశ్చితార్థం తెగిపోయింది. కాబట్టి ఆ పిల్ల హెలెనే, ఆ కోలుకోవడం ప్రేమ భంగం నుంచే, ఆ చిగురు కొత్త ఆశే.

నేనూ అలాగే చూశాను. జాలిపడ్డాను. మ్యూజియం అంగట్లో పుస్తకం కొనుక్కుని రైల్లో చదువుతుంటే ఒక చిన్న విషయం దగ్గర ఆగిపోయాను. 1888లో పారిస్ సలోన్ ప్రదర్శనకి ఆమె ఈ చిత్రాన్ని పంపినప్పుడు దాని పేరు ‘కోలుకుంటున్న పిల్ల’ కాదు. ‘తొలి పచ్చదనం’. మన మాటల్లో తొలి చిగురు.

చిత్రకారిణి మనల్ని చూడమన్నది చిగురుని. చరిత్ర చూపించింది జబ్బుని.

ఆ రోజు రైల్లోనే నాకు ఆ పెద్దావిడ మాట గుర్తొచ్చింది.

తిరిగి వెళ్లి చూశాను. ఈసారి చిగురునుంచి మొదలుపెట్టి చూశాను. పిల్ల ముఖంలో దుఃఖం లేదు, కుతూహలం ఉంది. ఒక వస్తువుమీద పూర్తిగా నిలిచిన చూపు అది. పనిలో మునిగిన మనిషి చూపు. తెల్లటి దుప్పటి మడతల్లో బూడిద, నీలి, పసుపు రంగులున్నాయి. వాటిని గీసిన చెయ్యికి ఏం కావాలో స్పష్టంగా తెలుసు. అప్పటికి ఆమె వయసు ఇరవయ్యారు. పదకొండో ఏటే ఫిన్నిష్ ఆర్ట్ సొసైటీ డ్రాయింగ్ స్కూల్లో చేరింది. 1880లో ‘మంచులో గాయపడ్డ సైనికుడు’ గీసి, ప్రభుత్వం ఇచ్చిన యాత్రావేతనంతో పారిస్ వెళ్లింది. పారిస్ ప్రభుత్వ కళాశాల ఎకోల్ దె బోజార్ 1897 దాకా ఆడవాళ్లని చేర్చుకోలేదు. అందుకని కొలరొస్సీ అకాడమీ వంటి ప్రైవేటు స్టూడియోల్లో డబ్బు కట్టి నేర్చుకుంది. బ్రిటనీ పల్లెల్లో, కార్న్‌వాల్‌లో ఏళ్లతరబడి పనిచేసింది. కుంటుతూనే. ఆ కాలు ఆమెను ఎక్కడికీ వెళ్లకుండా ఆపలేదు.

ఆ కాలంలో గీసిన రెండు చిత్రాల గురించి చెప్పాలి. 1883 నాటి ‘బట్టలు ఆరుతున్నాయి’ అన్నదాంట్లో గడ్డిమీద పరిచిన తెల్లబట్టలున్నాయి. అంతే. ఉతికిన మనిషి లేదు. 1884 నాటి ‘తలుపు’లో బ్రిటనీలోని ఒక చిన్న ప్రార్థనామందిరపు ఖాళీ గోడ, మూసిన తలుపు, దాని సందుల్లోంచి చీలికలా వెలుతురు. అంతే. కథ లేదు, వీరుడు లేడు, ఐనో లేదు. స్వర్ణయుగం కథ చెప్పే చిత్రాలు అడుగుతున్నప్పుడు ఈ ఇరవై రెండేళ్ల అమ్మాయి కథని తీసేస్తే ఏం మిగులుతుందో పరీక్షిస్తోంది. యూరప్ చిత్రకళలో ఇలాంటి నిరాడంబరతని ఆధునికత అని పిలవడానికి ఇంకా చాలాకాలం ఉంది.

ఆమె ఒంటరి మినహాయింపు కూడా కాదు. అసలు మినహాయింపు చేసి మాట్లాడటం కూడా ఒక రకంగా బయటపెట్టడమే. ఆమెకంటే ముందు ఫానీ చుర్‌బెర్గ్ (1845-1892) ముదురు రంగులతో ఉరుముతున్నట్టుండే ప్రకృతి దృశ్యాలు గీసింది. విమర్శలు ఎదుర్కొని 1880లో చిత్రలేఖనమే మానేసింది. మిగిలిన జీవితం ఫిన్నిష్ హస్తకళల సంస్థకి ఇచ్చింది. ఆమె చిత్రాల విలువ లోకం గుర్తించింది చనిపోయాకే. మారియా వీక్ 1889లో ‘లోకంలోకి’ అనే చిత్రంలో ఇల్లు వదిలి బతుకుతెరువుకి బయల్దేరే అమ్మాయినీ ఒక ముసలమ్మనీ గీసింది. ఎలిన్ డేనియల్సన్ 1890లో ఫలహారం ముగిశాక చెల్లాచెదురైన బల్లముందు తీరిగ్గా సిగరెట్టు తాగుతున్న స్త్రీని గీసింది. ఎల్లెన్ థెస్లెఫ్ 1890లలో పెన్సిలుతో గీసుకున్న తన చిన్న ముఖం చీకట్లోంచి పొగలా తేలి వస్తుంది. వీళ్లు ఒకరికొకరు తెలిసినవాళ్లు. వీక్, హెలెన పారిస్‌లో కలిసి చదివారు, కలిసి ప్రయాణాలు చేశారు, జీవితాంతం ఉత్తరాలు రాసుకున్నారు.

1906లో ఫిన్లాండ్ స్త్రీలకి ఓటుహక్కు, ఎన్నికల్లో నిలబడే హక్కు రెండూ వచ్చాయి. 1907లో 200 మంది సభ్యుల పార్లమెంటుకి 19 మంది స్త్రీలు ఎన్నికయ్యారు. ప్రపంచంలో మొదటి మహిళా పార్లమెంటు సభ్యులు వాళ్లు. అలాంటి దేశంలో కూడా కళాచరిత్ర మాత్రం చాలాకాలం మగవాళ్ల చరిత్రగానే నడిచింది. చట్టంలో దొరికిన చోటు చరిత్రలో దానంతటదే దొరకదు. లిండా నాక్లిన్ 1971లో గొప్ప స్త్రీ చిత్రకారులు ఎందుకు లేరని అడిగి, ఆ ప్రశ్నలోనే ఉన్న మోసాన్ని బయటపెట్టిన తర్వాత, రీతా కొంటినెన్ వంటి ఫిన్నిష్ పరిశోధకులు ఏళ్లతరబడి పనిచేసి ఈ చిత్రకారిణుల్ని మళ్లీ వెలుగులోకి తెచ్చారు. వాళ్ల శ్రమ లేకపోతే నాలాంటి తెలుగు లెక్చరరు రైల్లో చదవడానికి ఆ పుస్తకమే ఉండేది కాదు.

చోటు దొరకకపోవడం ఒక అన్యాయం. దాన్ని మనం బాగానే గుర్తుపట్టాం. నన్ను ఇప్పుడు బాధించేది రెండోది. చోటు ఇస్తూ చేసే అన్యాయం.

1902లో అనారోగ్యంతో డ్రాయింగ్ స్కూల్లో టీచరు ఉద్యోగం మానేసి, హెలెన తల్లితో కలిసి హ్యువింకా అనే చిన్న ఊరికి వెళ్లిపోయింది. చిన్న ఇంట్లో వంట, తల్లి సేవ, మధ్యలో దొరికిన సమయంలో చిత్రాలు. ఆ దశని చాలామంది ఒకే తీరుగా చెబుతారు. లోకాన్ని వదిలేసిన ఏకాకి, రోగిష్టి, పెళ్లికాని మనిషి తనలోకి తాను ముడుచుకుపోయి గీసిన బొమ్మలని. కానీ ఆ ‘ఏకాకి’ కళాపత్రికలు, ఫ్యాషన్ పత్రికలు తెప్పించుకుని చదివింది. పారిస్‌లో ఏ దుస్తులు వస్తున్నాయో, ఏ చిత్రాలు వస్తున్నాయో ఆమెకి తెలుసు. ఎల్ గ్రెకో చిత్రాల్ని ఎక్కువగా అచ్చుబొమ్మల్లోనే చూసి వాటిని తన రంగుల్లో మళ్లీ గీసింది. తల్లి కుట్టుపని చేసుకోవడం (1903), నల్లబట్టల్లో ఊగుడుకుర్చీలో కూర్చున్న దర్జీ స్త్రీ (1905) ఆమె విషయాలు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు, వాళ్ల పని, పని మధ్యలో వాళ్ల విరామం. రంగుని పలుచగా పూసి, గుడ్డతో తుడిచి, కత్తితో గీకి, మళ్లీ పూసేది. కాన్వాసు పోగులు కనిపించేదాకా తీసేసేది. వంటింటికీ మంచం పట్టిన తల్లికీ మధ్య దొరికిన గంటల్లో, పెద్ద కాన్వాసులకి చోటులేని గదిలో, ఆమె ఒక కొత్త చిత్రభాషని కనిపెట్టింది.

1913లో గోస్టా స్టెన్‌మన్ అనే చిత్రాల వ్యాపారి ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. 1914లో ఫిన్నిష్ ఆర్ట్ సొసైటీ తన సమావేశమందిరంలో పెట్టుకోవడానికి తొమ్మిదిమంది చిత్రకారుల్ని స్వీయచిత్రాలు అడిగింది. తొమ్మిదిమందిలో ఆడమనిషి ఆమె ఒక్కతే. ఆమె ఇచ్చిన చిత్రం (1915) చూస్తే నాకు నవ్వొస్తుంది, గర్వమూ వేస్తుంది. నల్లటి నేపథ్యం, కొంచెం పైకెత్తిన గడ్డం, పక్కన కుంచెలు పెట్టుకున్న ఎర్రటి కూజా. వెనకాల నలుపులో సమాధిరాయిమీద చెక్కినట్టు తన పేరు. ఎనిమిదిమంది మగవాళ్ల మధ్య వేలాడబోయే చిత్రంలో ఆమె తన పేరు తానే పెద్దక్షరాల్లో రాసుకుంది. అతెనియం గోడమీది పేర్లులేని నలుగురు స్త్రీలు నాకు అప్పుడు గుర్తొచ్చారు.

1917లో యాభై అయిదేళ్ల వయసులో ఆమె మొదటి సొంత ప్రదర్శన జరిగింది. అదే ఏడు ఐనార్ రాయిటర్ అనే అటవీ అధికారి, చిత్రకారుడు, ఆమె స్నేహితుడు, మారుపేరుతో ఆమె జీవితచరిత్ర అచ్చువేశాడు. ఆమె మనసులో అతనిమీద స్నేహాన్ని మించినదేదో ఉంది. 1919లో అతనికి వేరే అమ్మాయితో నిశ్చితార్థమైంది. ఆమె కుంగిపోయింది. ఇదంతా నిజమే. కానీ 2020లో ఆమె పేరుతో ఫిన్లాండ్‌లో సినిమా తీసినప్పుడు ఏ భాగాన్ని ఎంచుకున్నారో ఊహించడం కష్టం కాదు. అరవై ఏళ్లకి పైబడిన చిత్రజీవితంలోంచి ఆ ప్రేమ చుట్టూ ఉన్న కొద్ది సంవత్సరాల్నే. పైగా తెగిపోయిన మొదటి నిశ్చితార్థం తాలూకు ఉత్తరాల్ని నాశనం చెయ్యమని ఆమె స్నేహితురాళ్లని కోరింది. అది తన చరిత్రలో ఉండకూడదని ఆమె కోరిక. మనం మాత్రం ఆ చిత్రాలన్నింటినీ ఆ బూడిదలోంచే చదువుతున్నాం.

గాల్లెన్ కల్లెల కూడా కష్టం ఎరగనివాడు కాదు. 1895లో ఆయన బెర్లిన్‌లో ముంక్‌తో కలిసి ప్రదర్శన పెట్టినప్పుడు ఇంటిదగ్గర చిన్నకూతురు జబ్బుచేసి చనిపోయింది. ఆ తర్వాత ఆయన చిత్రాలు మారాయి. 1897 నాటి ‘లెమ్మిన్‌కాయినెన్ తల్లి’లో చచ్చిపోయిన కొడుకు పక్కన కూర్చున్న తల్లి ముఖం చూస్తే ఆ దుఃఖం తెలుస్తుంది. కానీ కళాచరిత్ర ఆయన్ని ‘బిడ్డను పోగొట్టుకున్న తండ్రి’గా పరిచయం చెయ్యదు. ఆయన దుఃఖం కళగా మారిందని చెబుతుంది. ఆమె కళని మాత్రం తిరిగి దుఃఖంగా మారుస్తుంది. తేడా అక్కడుంది. 2019లో లండన్ రాయల్ అకాడమీలో ఆమె చిత్రాల ప్రదర్శన జరిగినప్పుడు ఆమెను ‘ఫిన్లాండ్ ముంక్’ అని పరిచయం చేసిన రాతలు చూశాను. గుర్తింపు వచ్చినా ఒక మగవాడి పేరు ద్వారానే రావాలి. 2025 డిసెంబరులో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ఆమె చిత్రాలతో ప్రదర్శన మొదలుపెట్టిందని తెలిసినప్పుడు సంతోషించాను. కుంటికాలుతో కాకుండా కుంచెతో మొదలయ్యే పరిచయాలు ఇకనైనా పెరగాలని కోరుకున్నాను.

ఇక్కడ మీలో కొందరు నన్ను ఆపుతారని తెలుసు. వ్యక్తిగతం కూడా రాజకీయమేనని చెప్పింది మనమే కదా? స్త్రీల జీవితాల్ని సాహిత్యంలోకి, చరిత్రలోకి తీసుకురావడానికి ఇన్నేళ్లు పోరాడి, ఇప్పుడు జీవితం వద్దు, గీత చాలు అంటే మళ్లీ శుద్ధకళావాదుల దగ్గరికి పోయినట్టు కాదా?

ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వేధించింది. నాకు తోచిన జవాబు ఇది. జీవితం కావాలి. ప్రభుత్వ కళాశాల తలుపులు ఎందుకు మూసుకున్నాయో, చిత్రాల పరిమాణం ఎందుకు తగ్గిందో, యాభై అయిదేళ్ల దాకా సొంత ప్రదర్శన ఎందుకు జరగలేదో జీవితం తెలియకుండా అర్థం కాదు. పని జరిగిన పరిస్థితులుగా జీవితాన్ని చదివితే ఆ పని ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. పని చేసినదానికి కారణంగా, సంజాయిషీగా చదివితే పని మాయమవుతుంది. దెబ్బతగిలింది కాబట్టి గీసింది, ప్రేమ దక్కలేదు కాబట్టి గీసింది అంటే, దెబ్బ తగలకపోతే, పెళ్లయిపోతే గీసేది కాదని చెప్పినట్టే. ఆమెకి బుద్ధి, ఎంపిక, పట్టుదల, కళమీద ఆశ ఉన్నాయని ఒప్పుకోకుండా ఉండటానికి జాలి మర్యాదైన మార్గం. పితృస్వామ్యం ఆ పని చేస్తే మనకి తెలుస్తుంది. మనం చేస్తే తెలియదు, ఎందుకంటే మన కళ్లల్లో నీళ్లుంటాయి.

ఆమె చివరి చిత్రాల్ని ఇలా చదవడమే కష్టమైన పరీక్ష. 1944లో యుద్ధం మధ్య ఆమె స్వీడన్‌కి వెళ్లి, స్టాక్‌హోం దగ్గర సాల్ట్‌షోబాడెన్‌లో ఒక హోటల్లో ఉంది. 1946 జనవరి 23న ఎనభై మూడేళ్ల వయసులో అక్కడే చనిపోయింది. ఆమె గీసుకున్న సుమారు 40 స్వీయచిత్రాల్లో దాదాపు సగం ఆ చివరి రెండేళ్లలోనివే. ఊడిపోతున్న పుర్రెలాంటి తల, ఒక కన్ను వెలుతురులో, ఒకటి గుంటలో, తెరుచుకున్న నోరు, ఆకుపచ్చ బూడిద రంగు. వీటిని మృత్యువు గురించిన చిత్రాలని అంటారు. కాదని నేనెలా అనను? కానీ వరసగా చూస్తే ఇంకొకటి కూడా కనిపిస్తుంది. ఒక చిత్రంలో ముక్కు గీత ఉంది, తర్వాతదాంట్లో లేదు. ఒకదాంట్లో పెదవిమీద ఎర్రటి చుక్క మిగిలింది. ఇంకోదాంట్లో చెవి పోయింది. ఎన్ని తీసేసినా ముఖం ఇంకా ముఖంగా ఉంటుందా? ఏ గీత తీస్తే మనిషి పోతుంది? బట్టలు ఆరేసిన గడ్డిమీద ఇరవయ్యొక్కో ఏట మొదలుపెట్టిన పరీక్షే ఇది. ఎనభై మూడో ఏట అదే పరీక్ష తన ముఖంమీద చేసుకుంది. చావబోతున్న ముసలమ్మ చేస్తున్న పని ఇది, నిజమే. కానీ పని.

ముసలి స్త్రీ ముఖాన్ని మనం ఎప్పుడూ ఎవరికో చెందినదిగానే చూశాం. అమ్మ, అమ్మమ్మ, నాయనమ్మ, దీవెన, త్యాగం. ఇక్కడ ఆ ముఖం ఎవరికీ ఏమీ ఇవ్వడం లేదు. తనని తాను చూసుకుంటోంది, అంతే. ఆ పుస్తకం తెరిచి ఆ పేజీలు చూసిన మా అమ్మాయి “భయంగా ఉందమ్మా” అంది. నాకు మాత్రం ధైర్యంగా అనిపించింది. అప్పటికి నాకూ అరవై దాటాయి. అద్దంలో ఏం కనిపిస్తుందో చూడకుండా బొట్టు పెట్టుకోవడం అలవాటైన వయసు.

తిరిగొచ్చాక ఆ పెద్దావిడ కథల పుస్తకం మళ్లీ తీశాను. ముందుమాట వదిలేసి కథల్లోకి పోయాను. ఇదివరకు పది సార్లు చదివి ఉంటాను, ఒక్కసారీ గమనించలేదు. ఇంటిపని వచ్చినచోటల్లా ఆవిడ వాక్యాల్లో కర్త లేదు. పొయ్యి వెలిగింది. బియ్యం ఉడికాయి. విస్తళ్లు లేచాయి. బట్టలు ఆరాయి. ఎవరు వెలిగించారో, ఎవరు తీశారో ఉండదు. పనులన్నీ వాటంతటవే జరిగిపోతున్నట్టు రాసి, కథ చివర ఒకే ఒక్క వాక్యంలో, ఎక్కడో ‘నేను’ అని వస్తుంది. ఆ ఒక్కమాట పడేసరికి వెనకున్న పేజీలన్నింట్లోంచీ ఆ మనిషి లేచి నిలబడుతుంది. పాతకాలపు చాదస్తపు శైలి అనుకున్నాను నేను. అది శైలి కాదు, ఆవిడ తీర్పు. ఉతికిన మనిషి లేని బట్టల బొమ్మ చూసేదాకా నాకు ఆ వాక్యం కనిపించలేదు.

ఆ సంపుటి రెండో ముద్రణకి వస్తోందని ఆవిడ మనవరాలు ఈమధ్య ఫోన్ చేసింది. పాత ముందుమాటే వేసేద్దామా అని అడిగింది. వద్దన్నాను. కొత్తది రాస్తున్నాను. పదకొండో ఏటి పెళ్లి అందులో ఉంటుంది, వంటింటి గడపా ఉంటుంది. మూడో పేజీలో. మొదటి పేజీలో ఆవిడ వాక్యం ఉంటుంది.